ఐదు నెలల తేడాతో పుట్టిన అక్కాచెల్లెళ్లు: వీసా ఫైలు పట్టుకొని అడవి అంచు బడికి

నలభై ఏడేళ్ల వయసులో స్టూడెంట్ వీసాకు అప్లై చేసేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. ఖమ్మంలో నేను వెళ్లే కన్సల్టెన్సీ ఆఫీసు సోఫాలో మాత్రం నేనొక్కదాన్నే. పక్కన కూర్చునేవాళ్లంతా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. "ఆంటీ, మీ పాప ఏ కోర్సు?" అని అడుగుతారు. కోర్సు నాదేనని చెప్తే ఒక్క క్షణం ఆగి, "ఓ, సూపర్ ఆంటీ" అంటారు. ఆ ఒక్క క్షణం ఉంది చూడండి, అది నాకు రాత్రి నిద్రలో కూడా గుర్తొస్తుంది. ఇరవై నాలుగేళ్లుగా ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్నాను. నాది డిప్లొమా. నా దగ్గర సూది పట్టడం నేర్చుకున్న పిల్లలు డిగ్రీలు తెచ్చుకొని ఇవాళ నాకు డ్యూటీలు వేస్తున్నారు. మా ఆయన పోయి ఏడేళ్లు. పిల్లలు లేరు. వృద్ధుల సంరక్షణలో రెండేళ్ల కోర్సుకు కెనడాలో సీటు వస్తే, కాటికి కాళ్లు చాచే వయసులో ఇదేం చదువని అందరూ అన్నా, ఒప్పేసుకున్నాను. అప్పటినుంచి మొదలైంది భయం.

నేను అసలే భయస్తురాలిని. గుమ్మడికాయల దొంగ అంటే ముందు భుజాలు తడుముకునే రకం. అలాంటి నాకు ఫైలు అప్‌లోడ్ చెయ్యడానికి ఒక్క రోజు ముందు, ఆఫీసులో కాగితాలు చూసే స్రవంతి అనే అమ్మాయి ఫోన్ చేసి వెంటనే రమ్మంది. కుటుంబ వివరాల ఫారంలో తోబుట్టువుల పేర్లు, పుట్టిన తేదీలు రాయాలి. నాకు ఒక్కతే చెల్లెలు, కమిలి. దాని ఆధార్ కార్డు ఫొటో నేనే పంపించాను. స్రవంతి రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూపించింది. నాది ఫిబ్రవరి. కమిలిది అదే సంవత్సరం జూలై.

"సవతి తల్లి పిల్లలా మేడం?"

"కాదమ్మా. మాకు ఒక్కతే తల్లి."

"మరి ఐదు నెలలకే ఎట్లా పుడతారు మేడం?"

నా దగ్గర జవాబు ఉంది గానీ, అది కాగితం మీద నిలబడే జవాబు కాదు. మా తరం తండా పిల్లల పుట్టిన తేదీలు పుట్టిన రోజును బట్టి రాసినవి కావు, బడిలో చేరిన రోజును బట్టి రాసినవి. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. అందితే ఐదేళ్లు నిండినట్టు, అందకపోతే మళ్లీ ఏడు రమ్మనేవారు. అందినవాళ్లకు సారు వేళ్ల మీద లెక్కేసి తనకు తోచిన తేదీ వేసేవారు. అదే పదో తరగతి మెమోలోకి, అక్కడినుంచి పాస్‌పోర్టులోకి వచ్చేసింది. కమిలి నాకంటే మూడేళ్లు చిన్నది, ఆ సంగతి దాన్ని చంకనేసుకు తిరిగిన నాకు తెలుసు. కానీ ఇద్దరం ఒకే రోజు బడిలో చేరాం. ఇన్నేళ్లలో ఆ రెండు తేదీలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

స్రవంతి రెండు దారులు చెప్పింది. ఒకటి, తేదీలు ఎందుకిలా ఉన్నాయో బడి రిజిస్టర్ నుంచి రుజువు తెచ్చి, వివరణ ఉత్తరం జతచెయ్యడం. రెండోది గొంతు తగ్గించి చెప్పింది. "చెల్లెలు లేదని రాసేస్తే అయిపోతది మేడం. ఎవరు చూడరు. కానీ అబద్ధమని తేలిందనుకోండి, కొన్నేళ్లు మళ్లీ అప్లై చెయ్యనియ్యరు." అలా అంటూనే రెండు రకాల ఫారాలూ ప్రింటు తీసి నా చేతిలో పెట్టింది. రేపు సాయంత్రం ఏడు లోపల ఏదో ఒకటి చెప్పమంది. కాలేజీ ఇచ్చిన గడువు అంతే. ఒక దానిలో కమిలి ఉంది, ఐదు నెలల తేడాతో. ఇంకో దానిలో లేదు. నేను రెండూ సంచిలో పెట్టుకున్నాను. నిజం చెప్తున్నా, రెండోది పెట్టుకున్నప్పుడే గుండె కాస్త కుదుటపడింది.

మరునాడు పొద్దున ఐదుంబావుకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, కాబట్టి బస్సు ఖర్చు లేదు. కాకపోతే సీటు కోసం పదిహేను నిమిషాలు ముందే వెళ్లాలి. మార్చి నెల సగం దాటింది, ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పన్నెండున్నరకు బడి ఆఫీసు గదికి తాళం పడుతుంది. ఆ లోపల రిజిస్టర్ దొరకాలి, హెడ్‌మాస్టర్ సంతకం పెట్టాలి. మా తండా బడి ఎప్పుడో మూతపడి పక్క ఊరి బడిలో కలిసిపోయింది. పాత రికార్డులు కూడా అక్కడికే చేర్చారని కమిలి చెప్పింది. దానికి తెలియకుండా ఎట్లా ఉంటుంది, ఆ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది అదే. ఫోన్‌లో దానితో రిజిస్టర్ సంగతి మాత్రమే చెప్పాను. రెండో ఫారం సంగతి చెప్పలేదు.

ఏడింటికి కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. టీ తాగుదామని దిగి, బస్సు వెళ్లిపోతుందేమోనని సగం గ్లాసు వదిలేసి ఎక్కేశాను. పాల్వంచలో రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు కొందరు ఎక్కి, కూర్చున్న వెంటనే నిద్రపోయారు. ఫ్యాక్టరీ చిమ్నీలు వెనకబడి చెట్లు మొదలయ్యేసరికి ఎండ ఎక్కింది. కిటికీలోంచి ఇప్పపూల వాసన వస్తోంది. నేను ఫైలు తీసి, ఎందుకు చదవాలనుకుంటున్నానో వీసా వాళ్లకు రాసిన ఉత్తరం మళ్లీ చదువుకున్నాను. మొదటి పేరా నాకు చాలా ఇష్టం. "మా తండాలో బడికి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేను. నా తెలివి చూసి మా నాన్న నన్ను బడిలో చేర్చాడు." చిన్నప్పటినుంచి నేను అందరికీ చెప్పుకునే కథ అది. కమిలి నా వెంటపడి వచ్చిందనీ, ఐదో తరగతిలో మానేసి మేకల వెంట పోయిందనీ, నేను పాల్వంచ హాస్టల్లో ఉండి చదువుకున్నాననీ మిగతా కథ. ఈ భయాల్లో పట్టుకోవడానికి నాకంటూ ఉన్నది ఆ పేరా ఒక్కటే.

భద్రాచలం ఇంకో అరగంట ఉందనగా అడ్డరోడ్డు దగ్గర ఎనిమిదీ నలభైకి దిగాను. అక్కడినుంచి బడి తొమ్మిది కిలోమీటర్లు లోపల. షేర్ ఆటోలో మనిషికి నలభై రూపాయలు, కానీ ఆరుగురు నిండితేనే కదులుతుంది. ముప్పావుగంట నిలబడినా నాతో కలిపి ఇద్దరమే అయ్యాం. ఆ రెండో ఆవిడ కూడా విసిగి నడిచి వెళ్లిపోయింది. ఇక లాభం లేదని మూడు వందలకు ఆటో మొత్తం మాట్లాడుకున్నాను. డ్రైవర్ నా వయసువాడే ఉంటాడు, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

"టీచరమ్మవా?" అని అడిగాడు.

"కాదు. చదువుకోవడానికి పోతున్నా. దానికే కాగితం కావాలి."

అద్దంలోంచి నన్ను తేరిపార చూశాడు. "మంచిదే. గీ బాట మీద జర పయిలం మేడం. పోయిన నెల గా వాగు కాడ పులి అడుగులు కనవడ్డయ్. పొద్దుగూకినంక మేము గిటు రాము."

"మధ్యాహ్నం వెనక్కి వస్తరా మరి?"

"ఒంటిగంటన్నరకు వస్త. గంతకంటె లేటైతే నాకు పోన్ చెయ్యకు, రాను."

వేరే రోజైతే పులి పేరు వింటే నేను ఆటో అక్కడే తిప్పించేదాన్ని. ఆ రోజు మాత్రం పులి కన్నా సంచిలో కాగితమే ఎక్కువ భయపెట్టింది. బాట పొడుగునా ఒకటే ఆలోచన. రిజిస్టర్‌ను చెదలు తినేసి ఉంటే? పాస్‌పోర్టులో నా వయసే తప్పని నేనే చెప్పుకున్నట్టవుతుందేమో? ఏ దేశంవాడో తెలియని ఆఫీసరు ఎవరో తెరమీద నా పేరు చూసి, దొంగ కాగితాలు అనుకుంటే? మధ్యమధ్య ఇంకో ఆలోచన. రిజిస్టర్ దొరక్కపోతేనే నయం కదా, రెండో ఫారం ఇచ్చేసి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

పదింబావుకు బడి చేరాను. వెనక రేకుల కింద వంటశాల. కమిలి కొంగు నడుముకు దోపుకొని పప్పు కలుపుతోంది. నన్ను చూసి గరిటె ఆపలేదు.

"ఏందక్కా, ముఖం గట్ల పీక్కపోయింది? ఏమన్న తిన్నవా?"

"సారు ఉన్నడా?"

"మండలంల మీటింగ్ ఉందని పోయిండు. పదకొండున్నరకు వస్తనన్నడు. వస్తడు తియ్, కూసో."

పదకొండున్నర. తాళం పన్నెండున్నరకు. కమిలి పీట జరిపి, నా సంచి బూడిదలో పడుతుందని తీసి గోడకు ఉన్న మేకుకు తగిలించబోయింది. ఫైలు జారి కాగితాలు కింద పడ్డాయి. అది వంగి ఏరింది. ఐదో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. దాని పేరు ఎలా ఉంటుందో దానికి బాగా తెలుసు, నెలనెలా బిల్లు మీద సంతకం పెడుతుంది.

"గిందుల ఎవలెవలు ఉన్నరు?"

"మన యాడి, బాపు, మీ బావ" అన్నాను. మాలో అమ్మను యాడి అంటాం. ముగ్గురూ పోయినవాళ్లే, అయినా ఫారంలో రాయాలి.

"నేనేడున్న?"

కింది గడి మీద దాని వేలు ఆగింది. అక్కడ ఎన్, ఏ అని రెండే రెండు అక్షరాలు టైపు కొట్టి ఉన్నాయి. "గిదేంది? ఏం రాసిన్రు గీడ?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేరని" అన్నాను.

కమిలి కాగితాన్ని మళ్లీ ఫైల్లో పెట్టింది. అంచులు కలిసేలా సర్ది మరీ పెట్టింది. పొయ్యి దగ్గరికి వెళ్లి ఓ కట్టె వెనక్కి లాగింది. నా వైపు చూడకుండా మాట్లాడింది. "అరవై మందికి వండుత. హాజరు పట్టీల పేరు లేని పోరగాళ్లు గూడ అన్నం యాలకు వచ్చి కూసుంటరు. నువ్వు లేవు పో అని ఒక్కనికి గూడ అనలే ఇయ్యాల్టి దాంక. నువ్వు నన్ను లేదంటవా అక్కా?"

"భయమయిందే కమిలీ."

"నీకు భయం కానిది ఎన్నడు?" అని మాత్రం అంది. కోపంగా అంటే బాగుండేది. నేను గుడ్ల పెంకులు ఒలిచాను. అది లెక్కబెట్టి గిన్నెలో వేసుకుంది.

హెడ్‌మాస్టర్ వచ్చేసరికి పదకొండూ నలభై అయిదు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, మనిషి నెమ్మది. నేను గబగబా అంతా చెప్పేశాను, సగం చెప్పాక ఏడుపు కూడా వచ్చింది. ఆయన మంచినీళ్లు ఇచ్చి, "తేదీలు గిట్ల ఉండుడు మీకొక్కరికే కాదు మేడం. పాత రిజిస్టర్ల సగం తండా జూన్, జూలైలనే పుట్టింది" అన్నాడు. గది మూల ఇనుప పెట్టె తెరిచాడు. పైన ఉన్న రెండు పుస్తకాలు పట్టుకుంటే పొడిగా రాలాయి, చెదలు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన వాటిని పక్కన పెట్టి, అడుగున గుడ్డలో చుట్టిన ఇంకో పుస్తకం తీశాడు. ఒక మూల తినేసి ఉంది గానీ, రాత నిలిచే ఉంది. ఆయన ఒక్కో పేజీ తిప్పుతుంటే నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పన్నెండూ ఐదు. పన్నెండూ పది.

"కమిలి అంటే మన వంటామె కదా? ఇదిగో ఉంది" అన్నాడు.

ముందు కమిలి పేరు ఉంది. దాని కింద వేరే సిరాతో, ఇరికించి రాసినట్టు నా పేరు. పేర్లు తారుమారయ్యాయేమో, ఇదింకో తలనొప్పి అనుకున్నాను. ఆయన చివరి గడిలో ఉన్న సన్నటి రాతను కళ్లజోడు పెట్టుకొని, చిన్నగా పైకి చదివాడు. "చెల్లెలు ఒంటరిగా కూర్చొననందున అక్కను తోడుగా చేర్చుకొనడమైనది. ఇద్దరి వయస్సు అంచనా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంకోసారి చదవమన్నాను. చదివాడు. గుమ్మంలో కమిలి గరిటె పట్టుకొని నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో.

"నీకు యాది లేదా?" అంది. "బాపు నన్నొక్కదాన్నే తెచ్చిండు. నేను చిన్నదాన్ని, ఏ పనికి అక్కరరాను, బడిల ఉప్మా పెడ్తరు గద అని. నువ్వు మేకలు తోలుకొని మన తండ బడి ముంగటికెల్లి పోతున్నవ్. అక్క రాకపోతే నేను లోపటికి పోనని దర్వాజ పట్టుకొని ఏడ్చిన. బాపు రెండు అంటిచ్చిండు. అయిన ఇడవలే. గప్పుడు సారే నిన్ను పిలిచిండు. మేకలను బాపు తోలుకపోయిండు."

"మీకు అప్పటికే ఏడెనిమిదేళ్లు ఉంటయ్ మేడం. ఒకటో తరగతికి పెద్దగైతరని సారు వయసు తగ్గిచ్చి రాసినట్టున్నడు" అన్నాడు హెడ్‌మాస్టర్.

తెలివి చూసి కాదు. ఎవరూ నా తెలివి చూడలేదు. చెవి దాటి చెయ్యి ఎప్పుడో పెరిగిపోయిన, మేకలు కాసే పిల్లను, ఒక చంటిది గుమ్మం పట్టుకొని ఏడవడం వల్ల లోపలికి పిలిచారు. తర్వాత మేకలకు మనిషి కావలసి వచ్చినప్పుడు ఆ చంటిదే బయటికి వెళ్లింది. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగం, డిప్లొమా, ఇప్పుడు ఈ కెనడా సీటు, అన్నీ ఆ గడిలోని ఒక్క వాక్యం వెనకే వచ్చాయి. అలాంటి కమిలిని నేను "లేరు" అని రాయించి, సంచిలో వేసుకొని, దాని దగ్గరికే వచ్చాను. చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

జిరాక్స్ మిషన్ లేదని హెడ్‌మాస్టర్ ఆ పేజీని ఫొటో తీసి, తన దగ్గరున్న చిన్న ప్రింటర్ మీద తీశాడు. ఇద్దరి తేదీలూ ఆనాటి అంచనాలని తన లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, సీలు వేశాడు. ఖర్చు ఏమీ తీసుకోలేదు. బెల్లు కొట్టేసరికి పన్నెండూ ఇరవై అయిదు. పిల్లల వరసలో చివర కూర్చొని నేను కూడా పప్పన్నం తిన్నాను. కమిలి నా పళ్లెంలో గుడ్డు వేసి ముందుకు వెళ్లింది. రెండో ఫారాన్ని పొయ్యిలో వేశాను. అది చూసింది గానీ, మెచ్చుకోలేదు.

ఒంటిగంటన్నరకు ఆటో అన్నమాట ప్రకారం వచ్చింది, తిరుగుప్రయాణం కూడా మూడు వందలే. అడ్డరోడ్డులో రెండున్నర బస్సు దొరికి, ఐదూ నలభైకి ఖమ్మంలో దిగాను. కన్సల్టెన్సీలో కూర్చొని ఫారంలో కమిలి పేరు, దాని తేదీ ఉన్నదున్నట్టు రాయించాను. వివరణ ఉత్తరం, రిజిస్టర్ పేజీ, దాని ఇంగ్లీషు అనువాదం జతచేశాం. తర్వాత నా ఉత్తరంలో మొదటి పేరా కొట్టేసి, రిజిస్టర్లో ఉన్నది రాశాను. స్రవంతి చదివి, "మేడం, ఇట్లా రాస్తే మీరు తెలివైనవాళ్లని వాళ్లకెట్లా తెలుస్తది?" అంది. తెలియకపోతే తెలియకపోయిందమ్మా అన్నాను. ఆరూ యాభైకి బటన్ నొక్కాం.

ఇది రాసే సమయానికి ఇంకా జవాబు రాలేదు. ధైర్యం వచ్చిందని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. రోజుకు పదిసార్లు ఫోన్ తెరిచి చూస్తున్నాను. వయసు ఎక్కువని తిప్పి కొట్టొచ్చు, ఆ రిజిస్టర్ పేజీని నమ్మకపోవచ్చు. కాకపోతే ఇదివరకటి భయంలో నేను దొరికిపోతానేమో అనే భయం కలిసి ఉండేది. అది పోయింది. చదువయ్యాక తిరిగి ఎవరి కోసం వస్తావని వీసా వాళ్లు అడిగితే, చూపించడానికి నాకు ఉన్నది కమిలి ఒక్కతే. ఆ సంగతి ఆ రోజు పొద్దున సంచి సర్దుకున్నప్పుడు నాకు తట్టకపోవడమే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా ఈడు వాళ్లు ఎవరైనా ఈ పనికి దిగుతుంటే ఒక్కటే సలహా. బ్యాంకు కాగితాలకన్నా ముందు కుటుంబ వివరాల ఫారం తీసి, తోబుట్టువుల పుట్టిన తేదీల మధ్య కనీసం తొమ్మిది నెలలైనా ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే నాలాగా చివరి రోజు దాకా ఆగకుండా, వేసవి సెలవులు రాకముందే చదివిన బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్ పేజీ తెచ్చుకోండి, చివరి గడి దాకా చదవండి. వేలిముద్రలు ఇవ్వడానికి వచ్చే గురువారం నేను హైదరాబాద్ వెళ్లాలి. కమిలి తనూ వస్తానంది. లోపలికి నన్నొక్కదాన్నే రానిస్తారే, నువ్వొచ్చి ఏం చేస్తావ్ అన్నాను.

"బయట కూసుంట" అంది. "నువ్వొక్కదానివి కూసోవు గద."